ఏడు రాగి పోగులు

కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో అతన్ని చూశాను. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో మా చెల్లెల్ని సూర్యాపేట బస్సెక్కించి మెట్రో మెట్ల వైపు నడుస్తున్నాను. నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీల మధ్య, వాటన్నిటి కంటే చిన్నది, గాలికి ఒక మూల మడత పడి ఉంది. పైన ‘ప్రభువునందు నిద్రించిన’ అని ఉంది. కింద జ్ఞాపకార్థ కూడిక ఏ రోజు, ఎక్కడ అని ఉంది. మధ్యలో ఫొటో. పాస్‌పోర్టు ఫొటోను పెద్దది చేసినట్టున్నారు, మొహం అంచులు చెదిరిపోయాయి. చొక్కా జేబులో టెస్టరు మాత్రం స్పష్టంగా కనపడుతోంది. ఫొటో దిగడానికి పోయేటప్పుడు కూడా టెస్టరు ఇంట్లో పెట్టని మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

మడత పడిన మూలను చేత్తో సాపు చేశాను. చేతిని తీయగానే మళ్లీ ముడుచుకుంది. పక్కన జామకాయల బండి అతను, “తెలిసినోళ్లా తాతా?” అన్నాడు.

“మా ఇంట్ల కరెంటు పని చేసినాయన” అన్నాను.

అంతవరకే చెప్పాను. మళ్లీ జన్మలో కనపడని జామకాయల బండివాడికి కూడా మిగతాది చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆ రోజుల్లో నేను అతన్ని ‘వాడు’ అనేవాణ్ణి. ఇప్పుడు ‘ఆయన’ అని రాయబోతే దొంగ వినయంలా ఉంది. అందుకని అతను అనే రాస్తాను. అతని సొంతూరు ఏదో నేను అడగలేదు. నల్లగొండ దిక్కని మాట తీరును బట్టి అనుకున్నాను. పిల్లలెందరో అడగలేదు. పదిహేనేళ్లు మా ఇంట్లోకి వచ్చిపోయిన మనిషి గురించి నాకు తెలిసినవన్నీ అతని చేతులూ, ముక్కూ, మాటలే.

అతను ఏ ఇంట్లోకి వచ్చినా చెప్పులు గడప బయట విడిచి, ఎవరినీ పలకరించకుండా తిన్నగా స్విచ్చుల బోర్డు దగ్గరికి పోయేవాడు. కుడి చేతిని తిప్పి వెనుక వైపును బోర్డుకు ఆనించేవాడు. పిల్లకు జ్వరముందా అని తల్లి చూసినట్టు చూసేవాడు. ఆ తర్వాత ముక్కు దగ్గరగా పెట్టి వాసన చూసేవాడు. అప్పుడు మాత్రమే వెనక్కి తిరిగి, “బాగున్నరా అవ్వా?” అని మా అమ్మను పలకరించేవాడు.

“వెనుక చెయ్యెందుకు పెడతవ్?” అని ఒకసారి అడిగాను.

“అరచెయ్యి పెడితే కరెంటు చెయ్యిని ముడుస్తది పటేలా, పట్టుకున్నది ఇడువనియ్యది. వెనుక పెడితే దూరం తన్నుతది. తన్నినా మంచిదే, ఇడుస్తది గద.”

మా అమ్మకు అతని వాసన చూడటం మహా వేడుక. “కుక్క లెక్క వాసన చూస్తవేందిరా?” అనేది.

“కుక్కకున్న ఇశ్వాసం వైరుకు లేదవ్వా. కుక్క మొరిగి చెప్తది. వైరు మొరగది, వాసన ఒక్కటే ఇస్తది. గది గూడ మనం పట్టుకోకుంటే ఇంగ దాని తప్పేముంది?”

మా ఇల్లు పాతది. ఇటువైపంతా జొన్నచేలు, ద్రాక్షతోటలు ఉన్నప్పుడు మా నాయన కట్టిన పెంకుటిల్లు. నా కాలంలో పెంకులు దింపి స్లాబు వేయించాను. దాని మీద ఇంకో అంతస్తు లేపాను, వెనుక రెండు గదులు కట్టి కిరాయికిచ్చాను. ప్రతిసారీ సిమెంటు కొత్తది వచ్చింది, ఇటుక కొత్తది వచ్చింది. వైరు మాత్రం పాతదానికే అతుకు పడింది. పై అంతస్తు కట్టినప్పుడు అతను చెప్పాడు, “మొత్తం పీకేసి కొత్త లైను గుంజుదాం పటేలా. కింద లైను మీ నాయన కాలం నాటిది. నలుగురు మోసే బరువు దాని మీద పెడుతున్నం” అని. నేను ఒప్పుకోలేదు. గోడలు పగలగొడితే వేసిన రంగు పోతుందన్నాను. అతను మూడు రోజులు పాత వైరు చివరలు గీకి, మెలేసి, టేపు చుట్టి అతుకులు వేశాడు. ఒక్కో అతుకూ వేసి, దాన్ని పట్టుకుని రెండుసార్లు లాగి చూసి గానీ తర్వాతి దానికి పోలేదు. లాగి చూడటం నేను కళ్లారా చూశాను. ఇది గుర్తుంచుకోవాల్సింది నేను. మీకు చెప్తున్నాను.

అతనికి ఇంట్లో ఏ వస్తువూ ఉన్న చోట నచ్చేది కాదు. మెట్ల కింద మీటరు బోర్డు, ఆ బోర్డు కిందే నేను దాచుకున్న పాత పేపర్లు, గిర్ని నుంచి తెచ్చిన గోనె సంచులు. నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో పిండి గిర్ని ఉండేది. ఊరందరికీ గిర్ని పటేల్‌ను.

“గీ పేపర్లు చదివినయేనా పటేలా?”

“చదివినవే. దాచిపెట్టుకున్న.”

“నిప్పుకు చదువు రాదు. పాతదా కొత్తదా అని చూడది. జర అటు గదిల పెట్టియ్యరాదు.”

పెట్టించలేదు.

ఒక సాకెట్టులో మూడు నోళ్ల ప్లగ్గు పెట్టి, దానికి మూడు వస్తువులు తగిలిస్తే అతనికి ఒళ్లు మండేది. మా దగ్గర కిరాయికున్న గుంటూరు వాళ్ల గదిలో అలాంటిది చూసి, ఆ ఇంటావిడతో, “ఒక్క ఇంటికి ముగ్గురు అల్లుండ్లు ఒక్కసారే వచ్చినట్టున్నదమ్మా. అత్తగారు ఎంతమందికని వండుతది? ఎప్పుడో ఓనాడు పొయ్యి కాడనే పడిపోతది” అన్నాడు. ఆమె పడీ పడీ నవ్వి, ఆ రోజే రెండు తీసేసింది. వాళ్లు మాట వినేవాళ్లు. మేమే వినలేదు, ఇంటివాళ్లం కనుక.

మా అమ్మ దేవుడి అరలో దీపం పరదా పక్కనే పెట్టేది. అతను వచ్చినప్పుడల్లా అడగకుండా పళ్లెంతో సహా జానెడు పక్కకు జరిపేవాడు. ఆమె తిరిగి అక్కడే పెట్టేది. ఇద్దరూ ఇలా ఎన్నేళ్లు జరుపుకున్నారో లెక్కలేదు.

“మీ చర్చిల మైనపొత్తులు ఎలిగించరా?” అనేది అమ్మ.

“ఎలిగిస్తమవ్వా. కాని పరదాకు తగిలిచ్చి ఎలిగించం. దేవుడేమన్న గుడ్డోడా, గింత దూరమున్నా చూస్తడు.”

“మా దేవుని సంగతి నీకేం ఎర్క?”

“మీ దేవుని సంగతి తెల్వదు. నూనె సంగతి తెలుసు.”

నాకు ఈ మాటలన్నీ నవ్వులాటగా ఉండేవి. నేను ఏడో తరగతితో బడి విడిచినవాణ్ణి. మిగతా చదువంతా కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలే. ఒక్కో పుస్తకాన్ని మూడుసార్లు చదివేవాణ్ణి. విద్యుత్తు గురించి తెలుగులో దొరికిన ఒక పాత బడిపుస్తకం కూడా చదివాను. దాని మీద గిర్ని మోటారు నడిపిన అనుభవం. అతను చేత్తో నేర్చుకున్నాడు, నేను చదివి నేర్చుకున్నాను, కనుక నేనే పైన అని గట్టి నమ్మకం. చెత్త మీద, మురుగు మీద, వేలాడే వైర్ల మీద పేపరుకు ఉత్తరాలు రాసే మనిషిని. గల్లీలో నలుగురూ ఏ పనైనా నన్నడిగి చేసేవాళ్లు. అటువంటి మనిషికి టెస్టరు పట్టుకున్నవాడు పాఠం చెప్పడమేమిటి?

ఇక ఫ్యూజు సంగతి చెప్పాలి. ఆ కాలంలో ప్రతి ఇంట్లో మీటరు పక్కన తెల్ల పింగాణీ ఫ్యూజు ఉండేది. దానిలో వెంట్రుకంత సన్నని తీగ బిగిస్తారు. ఇల్లు ఎక్కువ కరెంటు లాగితే మొదట అది కరిగి తెగిపోతుంది. ఇంట్లో కరెంటు పోతుంది కానీ గోడలో వైరు బతుకుతుంది. ఆ ఎండాకాలం మాకు రెండు కూలర్లు వచ్చాయి, బోరు మోటారు వచ్చింది. రోజూ మధ్యాహ్నం ఫ్యూజు ఎగిరిపోయేది. మా గల్లీలో దీనికి అందరికీ తెలిసిన మందు ఒకటే. సన్న తీగ పీకేసి, వైరు చీల్చి రాగి పోగులు మెలేసి పెట్టడం. అప్పుడది ఎగరదు. నేను గిర్ని మోటారు వైరు నుంచి ఏడు పోగులు తీసి పెట్టాను. అమ్మ మంచం పక్కన కూర్చుని, ఆమె కళ్లముందే మెలేశాను.

అతను ఇంకేదో పనికి వచ్చి చూశాడు. పింగాణీ ఊడదీసి, అందరూ నిలబడి ఉండగా పోగులు విప్పి లెక్కబెట్టాడు.

“ఒకటి. రెండు. మూడు…” ఏడు దాకా గట్టిగా లెక్కపెట్టాడు. “ఏడు పోగులు. గిర్నే నడుస్తది దీంతోని. దీనికన్న మేకు కొట్టు పటేలా, ఇంగ జన్మల ఎగరది.”

కిరాయివాళ్లు నవ్వారు. నా చెవులు వేడెక్కాయి.

“రోజూ ఎగురుతుంటే ఏం చేయాలె? నీకు పని దొరుకుతదని ఎగరనీయాల్నా?”

“ఎగురుడే దాని పని. అది సచ్చినప్పుడల్లా ఇల్లు బతికిందని లెక్క. కూలర్లకు వేరే లైను గుంజుతా, ఒక్క పూట పని. అందాక మళ్ల పోగులు పెట్టనని మాటియ్యుండ్రి.”

“సరే, పెట్టను.”

“నువ్వు మాటిస్తే సాలు పటేలా” అని, సన్న తీగ బిగించి పోయాడు. ఆ ఏడు పోగులనూ బల్ల మీద నా ముందే పెట్టాడు.

మూడో రోజు ఫ్యూజు ఎగిరింది. నేను ఆ పోగులనే మళ్లీ పెట్టాను. అందరిముందు లెక్కపెట్టినందుకు పెట్టాను. కూలరు కోసం కాదు.

పదిరోజులకు, మిట్టమధ్యాహ్నం, నేను గిర్నిలో ఉండగా కబురొచ్చింది, మీ ఇంట్ల పొగ వస్తుందని. పరుగెత్తుకొచ్చే సరికి మెట్ల కింద చెక్క బోర్డు, పేపర్లు, గోనె సంచులు మండుతున్నాయి. స్తంభం దగ్గర ఎవరో కరెంటు తీశారు. కొందరు ఇసుక పోస్తున్నారు. ఫైరింజన్ గల్లీ మలుపు తిరగలేక అక్కడే ఆగింది, పైపు లాక్కుని వచ్చి ఆర్పారు. అమ్మను గుంటూరావిడ వెనుక తలుపులోంచి వీపు మీద మోసుకొచ్చింది. ఎదురింటి ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మ ముక్కు చుట్టూ మసి. గుంటూరావిడకు మోచెయ్యి నుంచి కిందికి కాలింది.

“పెద్దమ్మగారు బయటికి రానన్నారు బాబాయిగారూ. దేవుడి దీపం ఆర్పి వస్తానంటారు. ఇంక మాట్లాడకుండా ఎత్తుకొచ్చేశాను” అంది, చేతిని నీళ్లలో పెట్టుకుని.

జనం ఆమె చుట్టూ ఉండగా నేను మెట్ల కిందికి పోయాను. తడి తువ్వాలు చేతికి చుట్టుకుని పింగాణీ ఫ్యూజు ఊడదీశాను. గోడలో వైరు పై అంతస్తు దాకా కాలిపోయింది. నా ఏడు పోగులు మసిపట్టి, చెక్కుచెదరకుండా ఉన్నాయి. దాన్ని లాల్చీ జేబులో వేసుకున్నాను. వేడికి తొడ మీద బొబ్బ లేచింది. ఎవరికీ చూపలేదు.

అతను గంటలో వచ్చాడు. సైకిలు స్టాండు కూడా వేయలేదు, గోడకు పడేశాడు. ముందు అమ్మ దగ్గరికి పోయి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని మొహం చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

అతను నోరు తెరవకముందే నేను తెరిచాను. “వచ్చినవా? చూసుకో నీ చేతిపని. నీ అతుకులే కొంప ముంచినయ్.”

చుట్టూ పాతికమంది ఉన్నారు. మూల మీద పాల సెంటరు నడిపే నా స్నేహితుడు పక్కనే ఉన్నాడు. కరెంటతను మెట్ల కింద మోకాళ్ల మీద కూర్చుని, బూడిదలో చేతులు పెట్టి వెతికాడు. చాలాసేపు వెతికాడు.

“ఫ్యూజేది పటేలా?”

“కాలిపోయింది.”

“పింగాణీ గద…” అని ఆగాడు. లేచి నిలబడ్డాడు. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. గొంతు తగ్గించి, నాకు మాత్రమే వినపడేట్టు అడిగాడు. “పోగులు పెట్టలే గద?”

అక్కడ నేను నిజం చెప్పొచ్చు. అతను నాకు దారి కూడా ఇచ్చాడు, గొంతు తగ్గించి. నేను గొంతు పెంచాను. ఎదురుగా కుర్చీలో దగ్గుతున్న అమ్మ వైపు చెయ్యి చూపించి, అందరికీ వినపడేట్టు, “మా అమ్మ తోడు. పెట్టలే” అన్నాను.

అతను అమ్మ వైపు చూశాడు. అమ్మ నా వైపు చూసింది.

“అయితే నా అతుకే ఇడిసి ఉంటది పటేలా” అన్నాడు అతను, నేల చూస్తూ.

పాల సెంటరు అతను, “గిర్ని పటేల్ చెప్పినంక ఇంగ అడుగుడేంది? ఆయనకు తెల్వని మోటరా, కరెంటా?” అన్నాడు. అది తీర్పయిపోయింది. ఆ నెలలోనే మా గల్లీలో అతన్ని పిలవడం మానేశారు. తర్వాత చుట్టుపక్కల గల్లీలు కూడా. నా మాటకు అంత బలం ఉందని నాకే అప్పుడు తెలిసింది. ఆ పింగాణీ ముక్కను మర్నాడు నాలాలో పడేశాను.

ఆ సాయంత్రం అమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. “నా మీద ఎందుకు ఒట్టేసినవ్ బిడ్డా? నేను ఎట్లయినా పోయేదాన్నే. నీ మీద ఏసుకోరాదు?” అంది. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. ఇంకో రెండేళ్లు బతికింది. ఆ రెండేళ్లూ దగ్గింది. దవాఖానలో పొగ వల్ల అన్నారు.

అతను కాపురం పెద్ద అంబర్‌పేట్ వైపు మార్చాడని విన్నాను. కానీ ఆదివారాలు మాత్రం మా వైపు కనపడేవాడు. చర్చి నుంచి నేరుగా వచ్చేవాడు. తెల్ల చొక్కా, సైకిలు హ్యాండిలుకు గుడ్డసంచి, దానిలో బైబిలుతో పాటు స్క్రూడ్రైవరు. ఎప్పుడో తాను పని చేసిన ఇళ్లకు ఒక్కొక్కదానికే పోయి, ఎవరూ పిలవకుండానే బోర్డుకు వెనుక చెయ్యి ఆనించి, వాసన చూసి, స్క్రూలు బిగించి పోయేవాడు. టీ ఇస్తే నిలబడే తాగేవాడు. ఏమన్నా ఇవ్వబోతే తీసుకునేవాడు కాదు. మా గల్లీవాళ్లు ‘ఐతారం డాక్టరు’ అని పేరు పెట్టారు. పని వేరేవాళ్లకు ఇచ్చుకునేవాళ్లు, ఉత్తగా చూసిపోతాడు కదా అని అతన్ని మాత్రం రానిచ్చేవాళ్లు. “చర్చిల చెప్పిండ్రేమో, గిట్ల తిరిగితే స్వర్గమొస్తదని” అని నవ్వేవాళ్లు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను.

మా ఇంటి ముందు సైకిలు ఆపి, గోడ బయటికి మార్పించిన కొత్త మీటరు బోర్డును చూసి పోయేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు. అతను కనపడగానే నేను తలుపు వెనక్కి పోయేవాణ్ణి. నన్ను గుచ్చడానికే తిరుగుతున్నాడనుకునేవాణ్ణి. ఇంకెన్నాళ్లు గుచ్చుతాడు వీడు అని కోపం కూడా వచ్చేది. ఒక ఆదివారం గేటు దగ్గరే దొరికిపోయాను.

“బోర్డు ఎట్లుంది పటేలా?”

“మంచిగుంది.”

“వేడెక్కుతలేదు గద?”

“లేదు.”

“అప్పుడప్పుడు వెనుక చెయ్యి పెట్టి చూస్తుండుండ్రి. నేను అప్పుడు సరిగ చూడలే” అని సైకిలెక్కాడు.

నేను అప్పుడు సరిగ చూడలే. ఆ మాటను నేను ఎత్తిపొడుపు అనుకున్నాను. మనసులో ఒక మూల ఇంకో సంగతి కూడా అనుకుని హాయిగా ఉన్నాను. పింగాణీ కాలదని తెలిసినవాడు, ఏడు పోగులూ లెక్కపెట్టినవాడు, నేను అబద్ధమాడానని అతనికి తెలియదా? తెలుసు. తెలిసి కూడా పెద్దమనిషి పరువు కాపాడాడు. కాపాడినందుకు అతనిది గొప్ప గుణం, నా తప్పు మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. ఇరవై ఏళ్లకు పైగా ఈ మాట నాకు నిద్ర పట్టించింది.

ఇవాళ దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్లు చూస్తే నాకు మండిపోతుంది. మెట్ల కింద పది బండ్లు, వాటి మధ్య చార్జింగ్ పెట్టిన స్కూటర్లు, పైన ఇనుప జాలీకి తాళం. పేపరుకు రాద్దామని రెండుసార్లు కూర్చున్నాను. రెండు వాక్యాలు రాయగానే చెయ్యి ఆగిపోయింది. ఎవరు రాస్తున్నారిది అని.

జ్ఞాపకార్థ కూడికకు పోయాను. పెద్ద అంబర్‌పేట్‌లో హైవేకు లోపల చిన్న కాలనీ, ఇంటి ముందే షామియానా. పాస్టరుగారు ప్రార్థన చేసి, ఎవరైనా రెండు మాటలు చెప్పొచ్చన్నారు. మూసారంబాగ్ నుంచి వచ్చిన ఒకాయన లేచి, “పదకొండేండ్లు మా ఇంటికి ఐతారం ఐతారం వచ్చిండు. ఒకసారి బోర్డు వాసన చూసి గీజరు బందు చేయించిండు. తీస్తే లోపల వైరు మాడి ఉన్నది” అని కళ్లు తుడుచుకున్నాడు. నేను లేవలేదు. లేద్దామని రెండుసార్లు కర్రను నేలకు ఆనించాను.

భోజనాలయ్యాక అతని భార్య నా దగ్గరికి వచ్చింది. సన్నగా, నెరిసిన జుట్టు, చేతిలో నీళ్ల గ్లాసు.

“మీరు దిల్‌సుఖ్‌నగర్ గిర్ని పటేల్ గద? ఇంత దూరం వస్తిరి” అని గ్లాసు నాకిచ్చింది. “మీ మీద ఆయనకు ఎంత బాధుండెనో మీకు తెల్వది పటేలా.”

సరే, తెలుసన్నమాట, ఇప్పుడు తిడుతుంది అనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

“మీ ఇల్లు కాలిన్నాడు అన్నం ముట్టలే” అంది. “నా అతుకే ఇడిసింది, నా చేతులతోనే ముసలామెకు పొగ వెట్టిన, అన్నడు. నేనన్న, పటేలే ఏమన్న చేసిండేమో అని. నా మీదికి లేసిండు. తల్లి ఎదురుంగ కూసుంటె తల్లి మీద ఒట్టేసిండు, అసొంటి మనిషి అబద్ధమాడడు, నోరు మూసుకో, అన్నడు. గప్పటి సంది ఇంగ ఎన్నిండ్లల్ల నా అతుకులు గట్ల ఇడుస్తున్నయో అని తిరుగుడే. మోకాళ్లు వంగకున్నా తిరిగిండు. మొన్న మంచాన పడేదాక.”



అతను నన్ను కాపాడలేదు. నన్ను నమ్మాడు. ఆ ఆదివారాలు నన్ను గుచ్చడానికి కావు. చేయని తప్పును ఊరంతా వెతుక్కుంటూ తిరిగాడు, నేను తలుపు వెనుక నిలబడి చూశాను.

అక్కడే చెప్పాను. షామియానా కింద, నిలబడి, ఏడు పోగులూ, జేబులో పింగాణీ, ఒట్టూ, ఒకటి కూడా దాచకుండా చెప్పాను. ఆమె అరవలేదు, ఏడవలేదు. నా చేతిలో ముట్టని నీళ్ల గ్లాసు తీసుకుంది.

“ఆయనుండంగ చెప్తే” అంది, “ఐతారం పూటన్నా ఇంట్ల కూసుని అన్నం తినేటోడు.”

“ఏం చేయమంటవ్ అమ్మా?” అన్నాను.

“నాకు చెప్పి ఏం లాభం పటేలా? ఎవరి ముందర అన్నరో ఆళ్ల ముందర అనుండ్రి.” రెండడుగులు పోయి మళ్లీ వచ్చింది. “పేపర్ల రాస్తరట గద మీరు. రాస్తే రాయుండ్రి, పేరు రాయకుండ్రి. ఆయన పేరు గా ఫ్లెక్సీ మీద ఒక్కపారి మంచిగ అచ్చయింది. గది సాలు.”

అందుకే ఇక్కడ అతని పేరు లేదు.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాను. ఆ రోజు నిలబడ్డ పాతికమందిలో సగం చనిపోయారు, కొందరు ఇళ్లమ్ముకుని పోయారు, ఆ చోట అపార్టుమెంట్లు లేచాయి. గుంటూరు వాళ్లు ఎటు పోయారో తెలియదు. మిగిలింది పాల సెంటరు స్నేహితుడు. ఇప్పుడు సెంటరును కోడలు నడుపుతోంది, తను ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పాల కోసం వచ్చినవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు. మంచిదే అనుకున్నాను. వాళ్ల ముందే చెప్పాను. ఆ రోజు ఇల్లు కాలింది అతని అతుకుల వల్ల కాదు, నేను పెట్టిన రాగి పోగుల వల్ల, నేను తల్లి మీద దొంగ ఒట్టేశాను, ఆ మనిషి బతుకు పాడుచేశాను అని.

స్నేహితుడు గడ్డం గోక్కుంటూ విన్నాడు. “ఇల్లు కాలుడు యాదికున్నది. గా కరెంటాయన… ఏం పేరుండె?”

చెప్పాను.

“యాదికొస్తలే అన్నా. ఉన్నడా?”

“పోయిండు. మొన్ననే.”

“అయ్యో” అన్నాడు. కోడలి వైపు తిరిగి, “పెద్దనాయనకు చాయ్ తే” అన్నాడు. తర్వాత పాల కోసం నిలబడ్డవాళ్ల వైపు తిరిగాడు. “చూసిండ్రా? మనిషంటే గిట్లుండాలె. ఎవడో పనోడు. ఆడు సచ్చిపోయిండు, ఎవనికీ యాదికి లేదు. అడిగెటోడు లేకున్నా ఇన్నేండ్లకు వచ్చి తప్పు నాదే అంటుండు. ఎంత పెద్ద మనసుండాలె.”

“నువ్వు నన్ను తిట్టాలె, తమ్మీ” అన్నాను. “ఆయన తప్పేం లేదని చెప్పాలె.”

“ఊకో అన్నా. నిన్ను తిట్టేటంత మొనగాణ్ణా నేను?”

పాల ప్యాకెట్లు పట్టుకున్న ఒక యువకుడు నాకు రెండు చేతులా నమస్కారం పెట్టాడు. చాయ్ వచ్చింది. వద్దనలేకపోయాను, తాగాను. నలుగురిలో పరువు పోతుందని ఇన్నేళ్లు దాచిన మాట చెప్పి, ఉన్న పరువుకు ఇంకొంత కలుపుకుని ఇంటికి వచ్చాను.